పిలుపు నవత

ప్రచారం ఆటో మీది మైకులో పలికే ఆడగొంతు వెనక ఒక మనిషి ఉంటుందని నిజామాబాదులో చాలామందికి తోచదు. చీరల దుకాణంలో ఆషాఢం తగ్గింపు, కొత్త పంటి దవాఖాన, ఇంటి పన్ను గడువు, ఎవరో పెద్దమనిషి దశదినకర్మ. పన్నెండేళ్లుగా ఇవన్నీ ఊరికి చెప్పింది ఒకే గొంతు. అది నవతది. ఖలీల్‌వాడిలో తన మాటలే మోగుతున్న ఆటో పక్కనుంచి కూరగాయల సంచీ మోసుకుంటూ ఆమె నడిచిపోతే తల తిప్పి చూసినవాళ్లు లేరు. ఒకసారి బస్సులో పక్క సీటామె కిటికీ అద్దం మూస్తూ, "పొద్దున లేస్తే గిదే లొల్లి. గీమెకు నోరు నొయ్యదా?" అన్నది.

"ఏమో అక్కా," అని నవత ఊరుకుంది.

ఆమె తల్లి గంగుబాయి బీడీలు చేస్తుంది. తండ్రి మార్కండేయ. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బట్ట నేసేవాడు. నవత డిగ్రీ రెండో ఏట ఉండగా పోయాడు. చదువు సగంలో ఆగిపోయింది. లింబయ్య అనే ఆయన మైకుసెట్ల దుకాణంలో రసీదులు రాసే పనికి కుదిరింది. ఒకరోజు ప్రచారం చదివే మనిషి రాలేదు. గిరాకి వాకిట్లో నిలబడి ఉన్నాడు. లింబయ్య మైకు తెచ్చి నవత చేతిలో పెట్టాడు.

"సదువు బిడ్డా. భయమైతే కండ్లు మూసుకో."

కండ్లు మూసుకుంటే కాగితం ఎట్లా కనబడుతుందని అడగడానికి కూడా ఆమెకు నోరు రాలేదు. కాగితం ఒకసారి చూసుకుని, కండ్లు మూసుకుని, గుర్తున్నది గుర్తున్నట్టు, లేనిది తన మాటల్లో చెప్పేసింది. గిరాకికి అదే నచ్చింది. ఆనాటినుంచి చదవడమే కాదు, మాట రాయడమూ ఆమె పనే అయింది. దుకాణదారు వచ్చి "చీరలు, ముప్పై శాతం తక్కువ" అని రెండు ముక్కలు పడేసి పోతే, "బతుకమ్మకు ఏ రంగు కడ్తున్నరు అక్కలూ" అని మొదలుపెట్టి, వినేవాళ్లను చెయ్యిపట్టి దుకాణం మెట్టుదాకా తీసుకుపోయేది. అందరూ దాన్ని "లింబయ్య మైకు" అనేవారు.

లింబయ్యకు మోకాళ్లు అరిగి దుకాణం మూసేసిననాడు, నవత ఇక తన పని తనే పెట్టుకోవాలనుకుంది. వినాయకనగర్‌లో ఒక మేడమీది గది తీసుకుంది. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు పాత బొంతలు కొట్టించింది. తలుపు మీద "పిలుపు" అని పేరు రాయించింది. చిన్న వ్యాపారం మొదలుపెట్టే ఆడవాళ్లకు అప్పుడే టౌనులో మూడు రోజుల శిక్షణ జరిగితే పోయి కూర్చుంది. పాఠం చెప్పిన మేడం హైదరాబాదునుంచి వచ్చింది. రెండు మాటలు గట్టిగా చెప్పింది. రాసిపెట్టుకోనిది లక్ష్యం కాదు. రోజుకు ఐదుగురు కొత్తవాళ్లకు మీ పని గురించి మీరే చెప్పుకోవాలి.

నవత ఇంటికొచ్చి పాత క్యాలెండరు కాగితం వెనక స్కెచ్చుపెన్నుతో రాసింది. మొదటి ఏడు, నలభై కొత్త దుకాణాలు. రెండో ఏడు బోధన్, వర్ని, ఆర్మూరులో ఒక్కో గది. మూడో ఏడు అద్దాల తలుపున్న మంచి స్టూడియో. గోడకు అంటించింది.

గంగుబాయి చాటలో తునికాకు కత్తిరిస్తూ తలెత్తి చూసింది. "గోడకు రాసుకుంటె గిరాకి అస్తదా?"

"రాసుకుంటె మర్సిపోమంట అవ్వా."

"ఆకలి గోడకు రాసుకుంటమానే? మర్సిపోతున్నమా?"

కష్టం అక్కడ లేదు. ఊరందరి డప్పూ కొట్టిన మనిషికి తన డప్పు తను కొట్టుకోవాలంటే చెయ్యి లేవలేదు. ఎవరి జిలేబీ గురించైనా నోరూరేట్టు చెప్పగలదు. "నేను బాగా చెప్తాను" అనే ఒక్క మాట మాత్రం నాలుక దాటి రాదు. అయినా తిరిగింది. ఆడవాళ్లకు ఉత్తగ ఇచ్చే బస్సు జీరో టికెట్టు పట్టుకుని, నిండిపోయిన బస్సుల్లో ఒంటికాలి మీద నిలబడి, సోమవారం బోధన్, బుధవారం ఆర్మూరు, శనివారం వర్ని. సంచీలో కార్డులు, నీళ్ల సీసా, డబ్బాలో రెండు రొట్టెలు.

బోధన్ బజారులో విష్ణు అనే అతనిది ఎరువుల దుకాణం. ముప్పై ఏళ్లుంటాయి. కూర్చోమన్నాడు, నీళ్లిచ్చాడు, ఆమె చెప్పింది పూర్తిగా విన్నాడు. అంత మర్యాద ఆ రోజు ఇంకెక్కడా దొరకలేదు. విన్న తర్వాత ఫోను తీశాడు.

"గదానికి మనిషెందుకక్కా? గిది సూడు."

నాలుగు మాటలు కొట్టి వేలితో తాకాడు. ఫోనులోంచి ఒక ఆడగొంతు పలికింది. నున్నగా, తడబాటు లేకుండా. 'జీలుగ విత్తనాలు' అన్నచోట మాట సగానికి విరిగింది తప్ప, తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"ఉత్తగనే అస్తున్నది. ఊపిరి గూడ తీసుకోదు," అన్నాడు విష్ణు. ఎగతాళిగా అనలేదు. ఉన్నమాట అన్నాడు.

"సరే అన్నా. కార్డు ఉంచుకోండ్రి," అని నవత లేచింది.

చెప్పాల్సింది తిరుగు బస్సులో గుర్తొచ్చింది. రైతు ఎక్కడ ఆగి వింటాడో, ఏ మాటకు నవ్వుతాడో, మోస్రాలో ఒక తీరుగా బోధన్‌లో ఒక తీరుగా ఎందుకు చెప్పాలో. మాటలు వరసగా, అందంగా వచ్చాయి, వినేవాడే లేడు. ఆ రోజు పదకొండు దుకాణాలు ఎక్కింది, దిగింది. అరికాళ్లు మండుతున్నాయి. చెప్పులు విప్పి, సీటు కింద చల్లటి రేకు మీద కాళ్లు ఆనించి కూర్చుంది.

దసరా నాటికి నలభైలో తొమ్మిది. క్యాలెండరు కాగితం వైపు చూడకుండా అన్నం తినడం నేర్చుకుంది. భర్త మహేష్ బట్టల దుకాణంలో సేల్స్‌మన్. పొద్దంతా నిలబడే పని. ఇంటికొచ్చాక ఎక్కువ మాట్లాడడు. ఒక ఆదివారం గోడకు ఒరిగి కూర్చుని, ఏదో కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు అన్నాడు:

"అందరికి మైకు పెడ్తవు. నీకెందుకు పెట్టుకోవు?"

ఆ మాట మూడు రోజులు ఆమెను తిననివ్వలేదు. నాలుగో రోజు గదిలో కూర్చుని తన ప్రచారం తను రికార్డు చేయబోయింది. పంతొమ్మిదిసార్లు చెప్పి పంతొమ్మిదిసార్లు చెరిపింది. ఒకసారి గొప్పలు పోయినట్టుంది, ఒకసారి అడుక్కున్నట్టుంది. చివరికి, లింబయ్య దుకాణంలో మొదటిరోజులాగే, కండ్లు మూసుకుంది.

"అక్కలారా, అన్నలారా. పన్నెండేండ్ల సంది మీరు ఇంటున్న గొంతు నాది. నా పేరు నవత. మాది నిజామాబాదే. మా అవ్వ బీడీలు చేస్తది. మీ దుకాణం గురించి, మీ ఇంట్ల ముచ్చట గురించి ఊరికి చెప్పాలంటె నన్ను పిలువుండ్రి. మాట నేనే రాస్త, నేనే చెప్త."

బీడీల మాట తీసేద్దామనుకుంది. తీసి విన్నది. మిగిలింది తన మాటలా లేదు. మళ్లీ పెట్టింది.

కొమురయ్య ఆ ఊళ్లో అందరికంటే పాత ప్రచారం ఆటో మనిషి. పెన్‌డ్రైవ్ పెట్టుకుని మొదటిసారి విని, నవ్వాడు. "గిన్నేండ్ల సంది నీ గొంతు మోస్తున్న బిడ్డా. నీ పేరు మోసుడు గిదే మొదలు."

ఆటో మొదటిరోజు టౌనంతా తిరిగింది. తమ గల్లీలోకి వచ్చినప్పుడు నవత కిటికీ మూసి లోపలి గదిలోకి పోయింది. గంగుబాయి మాత్రం దారం చుట్టడం ఆపి, గడపలో కూర్చుని, ఆటో మలుపు తిరిగేదాకా విన్నది.

"నా బీడీల ముచ్చట మైకుల ఎందుకు పెట్టినవే?"

"అబద్ధమా అవ్వా?"

"అబద్ధం గాదు. కార్ఖానకాడ అందరు అడుగుతరు గదా."

అడిగితే ఏం చెప్పాలనుకుందో గానీ, మర్నాడు బీడీలు అప్పజెప్పడానికి పోతూ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

తర్వాతి రెండు రోజులూ బోధన్, వర్ని, మోస్రా తిరిగింది ఆటో. ఫోన్లు వచ్చాయి. వాటిలో సగం పనికిమాలినవి. "నీ గొంతు మంచిగున్నది, ఊకెనే జరసేపు మాట్లాడు" అనేవాళ్లు. వాళ్ల నంబర్లు బ్లాకు చేసింది. మిగిలిన సగం నిజమైన పని. పెళ్లిళ్లొచ్చాయి, కొత్త దుకాణాల ముహూర్తాలొచ్చాయి, చలికాలంలో పంచాయతీ ఎన్నికలు కూడా వచ్చిపడ్డాయి. ఒకే ఊరికి పోటీ పడ్డ ఇద్దరు అభ్యర్థుల్నీ ఒకే మధ్యాహ్నం, గంట తేడాతో, అదే గొంతుతో పొగిడింది. ఇద్దరూ సంతోషంగా పోయారు. క్యాలెండరు కాగితం మీద నలభై నిండింది. నిండిన రోజున సంబరపడటానికి ఓపిక లేక చాప మీద అట్లాగే పడుకుంది.

గొంతు అప్పటికే గీరుకుపోతోంది. మిరియాల పాలు తాగింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, పని ఆపలేదు. ఒక పొద్దున లేచి "అవ్వా" అని పిలవబోతే గాలి తప్ప ఏమీ రాలేదు.

చెవి ముక్కు గొంతు డాక్టరు సన్నటి గొట్టం వేసి చూసి, తెర మీద ఆమెకే చూపించాడు. స్వరతంతుల మీద రెండు చిన్న బుడిపెలు. "నలభై రోజులు మాట్లాడొద్దు. గుసగుస అసలే వద్దు, అది ఇంకా చెడ్డది. ఆ తర్వాత కూడా మునుపటి లెక్కన అరవడం కుదరదమ్మా." ఎంత వస్తుంది, మునుపటిలా వస్తుందా అని ఆమె కాగితం మీద రాసి అడిగింది. "చూడాలె," అన్నాడాయన.

ఇంట్లో ఫోను మోగితే గంగుబాయి ఎత్తేది. "మా బిడ్డకు గొంతు పోయింది" అని ఉన్నదున్నట్టు చెప్పేది. అవతలివాళ్లు అయ్యో అనేవారు, మళ్లీ చేయలేదు. పదిహేను రోజుల్లో నలభై దుకాణాల్లో సగానికి పైగా జారిపోయాయి. వాళ్ల ప్రచారం ఫోను గొంతులో పలుకుతుంటే నవత ఇంట్లో కూర్చుని విన్నది. ఏడుపు రాలేదు. తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరించింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేకపోవడం లోపల ఎక్కడో హాయిగా కూడా ఉంది. ఆ హాయికి భయపడింది.

ఇరవయ్యో రోజు పొద్దున ఇద్దరు ఆడవాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పెద్దామె హన్మవ్వ, మోస్రా రైతు ఇల్లాలు. వెంట వచ్చింది ఆమె కోడలు శిరీష. హన్మవ్వ భర్త సాయన్న రెండు రోజులుగా కనబడటం లేదు. డెబ్బై దాటినవాడు, ఏడాదిగా మతిమరుపు. పోలీసులకు చెప్పారు, బంధువుల ఊళ్లన్నీ వెతికారు.

"నా పేరు గూడ ఒక్కోపారి మర్సిపోతడు," అన్నది హన్మవ్వ. "మా ఊర్ల మైకు అచ్చినప్పుడు ఇన్న నిన్ను. నువ్వు పిలిస్తె ఊరంత ఇంటది. జర పిలువు బిడ్డా."

నవత నోరు తెరిచి, మూసింది. మాటకు బదులు వాడుతున్న పలక తీసి, గొంతు పోయిందని రాసింది. శిరీష చదివి అత్తకు చెప్పింది. హన్మవ్వ నేలవైపు చూస్తూ కూర్చుంది. వాళ్లను ఉత్తచేతులతో పంపడానికి నవతకు మనసొప్పలేదు. ఫోను తీసి, తను ఇన్నాళ్లూ ముట్టుకోనిదాన్ని ముట్టుకుంది. వివరాలు కొట్టి వినిపించింది. "మోస్రా గ్రామానికి చెందిన సాయన్న అను వ్యక్తి తప్పిపోయినారు," అన్నది నున్నటి గొంతు.

హన్మవ్వ తల అడ్డంగా ఊపింది. "గీమె ఎవలు? గీమె పిలిస్తె ఆయన రాడు."

నవత ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. లేచి తాళంచెవులు తీసుకుంది. బొంతల గదిలో మైకు ముందర హన్మవ్వను కూర్చోబెట్టింది. పలక మీద రాసి శిరీషకు చూపింది: 'ఇంట్ల ఎట్ల పిలుస్తది?'

"పేరు వెట్టి పిలుస్తనా బిడ్డా," హన్మవ్వ సిగ్గుపడింది. "ఏమయ్యా, ఇంటున్నవా అంట. గంతె."

మొదటిసారి ఆమె కట్టె బిగుసుకున్నట్టు చెప్పింది. రెండోసారీ అంతే, కాగితం లేకపోయినా చదువుతున్నట్టే ఉంది. నవత చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేసి ఆలోచించింది. పలక తుడిచి రాసింది: 'బువ్వకు పిలువుమను.'

శిరీష చెప్పింది. హన్మవ్వ మైకును మరిచిపోయి, కిటికీ వైపు, ఎక్కడో పొలం గట్టుమీద ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"ఏమయ్యా. ఇంటున్నవా. బువ్వ సల్లారుతున్నది. యాడ కూసున్నవయ్యా? బర్రె నిన్ను జూడక మేత ముడుతలేదు. నేను గూడ తినలే. ఇంటికి రా."

నవత దాన్ని ముక్క కోయకుండా ఉంచింది. వెనక శిరీష గొంతుతో వివరాలు చేర్చింది: తెల్ల ధోవతి, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, ఫోను నంబరు. కొమురయ్యకు కబురుపెట్టింది. ఆటో మోస్రా, వర్ని చుట్టి, మర్నాటికి బోధన్ చేరింది. ముగ్గురు ఆడవాళ్లూ వెనక సీట్లోనే ఉన్నారు. మైకులో హన్మవ్వ పిలుస్తుంటే, సీట్లో హన్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డుకు రెండువైపులా చూస్తోంది.

మధ్యాహ్నం, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్కనుంచి ఆటో మెల్లగా పోతుంటే, టీకొట్టు వెనకనుంచి ఒక ముసలాయన బయటికి వచ్చాడు. ధోవతికి మట్టి. కోపంగా ఉన్నాడు. కొమురయ్య బ్రేకు వేశాడు.

"ఎందుకే గట్ల మొత్తుకుంటున్నవు?" అన్నాడు సాయన్న. "బండ్లు కదుల్తలెవ్వు గదా. లైను గంత ఉన్నది."

ఎప్పుడో, ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, చెరకు బండ్లతో ఆ గేటు ముందర రాత్రింబవళ్లు వరసలో కాచుకున్న మనిషి. ఇప్పుడు ఆ వరసలోనే ఉన్నాడు. ఆయన చూస్తున్న వైపు ఖాళీ రోడ్డు, పిచ్చి తుమ్మలు. టీకొట్టతను రెండు రోజులుగా చాయి, బన్ను ఇస్తున్నాడట. ఎవరని అడిగితే 'తూకం అయినంక పోత' అనేవాడట.

హన్మవ్వ ఆటో దిగింది. ఏడుస్తుందనుకుంది నవత. ఆమె ఏడవలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, "తూకం అయింది. లైను అయిపోయింది. పా, ఇంటికి పోదం," అన్నది. ఆయన ఒకసారి గేటు వైపు చూసి, నమ్మినట్టున్నాడు, ఆటో ఎక్కాడు.

నవత ముందు సీటుకు, కొమురయ్య పక్కకు మారింది. కొమురయ్య మైకు ఆపి బండిని మోస్రా వైపు తిప్పాడు.

టీకొట్టు దగ్గర ఎవరో తీసిన వీడియో బోధన్ అంతా తిరిగింది. వారానికి విష్ణు తనే ఫోను చేశాడు. గంగుబాయి స్పీకరు నొక్కి నవత చెవి దగ్గర పెట్టింది. "అక్కా, నువ్వు మాట్లాడొద్దంట గదా. ఇను సాలు. మా దుకాణం ముచ్చట నా గొంతుతోనే చెప్పిస్తవా? మాట నువ్వు రాయి."

నలభై రోజులకు గొంతు తిరిగొచ్చింది. పాతది కాదు. మందంగా, కిందికి దిగి, అంచులు అరిగిన గొంతు. ఇంట్లో మాట్లాడుకోవడానికి సరిపోతుంది, ఊరికి చెప్పడానికి కాదు. క్యాలెండరు కాగితం నవత చించలేదు. రెండో ఏడు, మూడో ఏడు లక్ష్యాల మీద తెల్లకాగితం అంటించి కొత్తగా ఒకటే రాసింది: నెలకు ఆరుగురితో వాళ్ల మాట వాళ్లతోనే చెప్పించాలి. తనను గురించి తను చెప్పుకునేటప్పుడు కూడా ఇప్పుడు గొప్పలేమీ వెతుక్కోదు. "మీ ముచ్చట మీతోనే చెప్పిస్త, మాట నేను రాస్త" అంటుంది. కొందరికి అర్థమవుతుంది. ఎక్కువమందికి కాదు.

పని మాత్రం తేలిక కాలేదు. తను చెప్తే పావుగంటలో తెమిలేది, ఒక మిఠాయి దుకాణం ఆయనతో చెప్పించడానికి పూట పడుతుంది. మైకు చూడగానే మనుషులు కలెక్టరు ముందర నిలబడ్డట్టు బిగుసుకుపోతారు. సగం మంది ఓపిక లేక ఫోను గొంతుకే పోతారు. నెలకు ఆరన్నది నాలుగు దగ్గర ఆగుతోంది. మహేష్ అడగడు. గంగుబాయి అడుగుతుంది, "తక్కువనా?" అని. "తక్కువనే అవ్వా," అంటుంది నవత. ఇద్దరూ పని చూసుకుంటారు.

మొన్న జక్రాన్‌పల్లి పోయింది. కృష్ణ అనే పసుపు విత్తనం వ్యాపారి. అది మూడోసారి పోవడం. పసుపు గురించి మామూలుగా మాట్లాడితే అరగంట ఆగడు. రికార్డు మొదలుపెట్టేసరికి "రైతు సోదరులకు విజ్ఞప్తి" అని గొంతు మారిపోతుంది.

"మైకును సూడకు తమ్మీ. నన్ను సూసి చెప్పు. మంచి కొమ్ము ఎట్లుంటది?"

కృష్ణ ఆమెను చూశాడు, నోరు తెరిచాడు, మళ్లీ విజ్ఞప్తి అన్నాడు. నుదురు తుడుచుకున్నాడు. "నాతోని అయితలేదక్కా. నీ పాత గొంతు ఏమన్న మిగిలిందా? గదే పెడ్దం."

"మిగల్లేదు."

అతను గోనెసంచిలోంచి ఒక పసుపు కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు చూసుకుంటూ కాసేపు కూర్చున్నాడు. "బుధారం రా. గప్పటికి రైతులు అస్తరు. వాళ్లతోని మాట్లాడుతుంటె నువ్వు పక్కకు కూసొని మైకుల పట్టుకో."

తనకు రాని ఆలోచన అతనికి వచ్చిందని నవత అనుకుంది. "మంచిగ చెప్పినవు. వస్త," అన్నది.

రోడ్డు మీదికొచ్చి నిలబడింది. మొదటి బస్సు ఆపకుండా పోయింది. రెండో దాంట్లో మెట్టు దాకా ఆడవాళ్లు. ఎవరో సంచీ అందుకున్నారు, ఎవరో జరిగి కాలు పెట్టుకునేంత చోటిచ్చారు. లోపలికి తోసుకుంటూ పోయి, పైకడ్డీ పట్టుకుని, బుధవారం పొద్దున ఎన్ని గంటల బస్సుకు బయల్దేరాలో లెక్క వేసుకుంటూ నిలబడింది.